నాలుగో ఎత్తు

హైదరాబాదు,
16 జూన్ 1985

మావయ్య గారికీ అత్తయ్య గారికీ వర్ధని నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. హాస్టల్లో సాంబారు తప్ప మిగతావన్నీ బాగానే ఉన్నాయి. బస్సెక్కించేటప్పుడు నెలకో ఉత్తరం రాయమన్నారు, రాయలేదు. కోప్పడకండి. ఈ ఉత్తరం చదివాక కోపం దానంతటదే పోతుంది.

మా ఆఫీసులో నన్ను జీతాల లెక్కలు ఎక్కించే సెక్షన్లో వేశారని అమ్మ రాసే ఉంటుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అంకెలు కొట్టడమే పని. పోయిన వారం మా చీఫ్ పిలిచి "నీకు చదరంగం వచ్చునటగా?" అన్నారు. "మా మేనమామ నేర్పారండీ" అన్నాను. కంప్యూటరు చేత చదరంగం ఆడించే ప్రోగ్రాం ఒకటి వాళ్లు రాస్తున్నారు. నవంబరులో పెద్దవాళ్లని పిలిచి దాన్ని ఆడించి చూపించాలి. అందులో ఒక ముక్క నాకిచ్చారు.

ఆ ముక్క ఆట మొదలు. మొదట్లో బల్ల మీద బలగమంతా ఉంటుంది కనుక ఏ ఎత్తు వెయ్యాలో తేల్చుకోవడానికి మెషిన్‌కి చాలాసేపు పడుతుంది. తేల్చినా తెలివితక్కువగా తేలుస్తుంది. అందుకని మంచి మంచి ఆరంభాలు మనమే ముందు ఎక్కించి పెడతాం. దీన్ని ఓపెనింగ్ బుక్ అంటారు. ఎదుటివాడు ఆ దారిలో నడిచినంతసేపూ మెషిన్ ఆలోచించదు, చూసి వేసేస్తుంది. దారి అయిపోయాకే దాని సొంత బుర్ర పని చెయ్యడం మొదలుపెడుతుంది. ఏ దారి ఎంత తరచుగా పట్టాలో సున్నా నుంచి తొమ్మిది దాకా అంకె ఇస్తాం. ఆ అంకెలు వెయ్యడం, దారి ఎక్కడ ఆపాలో చెప్పడం నా పని.

ఇంగ్లీషు పుస్తకాల్లో దారులు కావలసినన్ని ఉన్నాయి, కానీ అవి అందరికీ తెలిసినవే. "ఎవరికీ తెలియనిది ఒక్కటుంటే బాగుండును" అన్నారు చీఫ్. నాకు వెంటనే మీరు గుర్తొచ్చారు. శకటుని ఇచ్చేసి అవతలి రాజుని బయటికి లాగుతారే, ఆ ఆట. నర్సీపట్నంలో దానికి నిలబడ్డవాడు లేడు. అది ఎత్తు తర్వాత ఎత్తు రాసి పంపండి.

ఇది బాగా జరిగితే నన్ను ఇక్కడే ఉంచేస్తారు. లేకపోతే మళ్లీ జీతాల సెక్షనే. అక్కడికి నేను తిరిగి వెళ్లలేను మావయ్యా.

మీ జవాబుకి కాచుకుని కూర్చున్న
వర్ధని


నర్సీపట్నం,
24 జూన్ 1985

అమ్మాయి వర్ధనికి మావయ్య దీవెనలు.

నీ కవరు స్కూల్లో అందింది. ఇంటికెళ్లి తాపీగా చదువుకుందామనుకున్నాను. ఎక్కడ, చేతులూరుకుంటేనా! స్టాఫ్ రూములోనే చింపాను. చింపినవాణ్ణి ఊరుకోక పైకి చదివాను. సోషల్ మాస్టారికి కంప్యూటర్ల వాళ్లు సలహా అడగడమేమిటని మా లెక్కల మాస్టారి మొహం మాడిపోయింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన నా వైపు అలా చూడడం ఇదే మొదలు.

మీ అత్తయ్యకి చెబితే "మెషిన్‌కి నేర్పుతారు సరే, కట్టుకున్నదానికి ఒక్కనాడు నేర్పారా?" అంది. అప్పడాలు బాగున్నాయన్నాను.

సాయంత్రం కొండన్న అరుగు మీద కూర్చున్నాం. కొండన్న నీకు గుర్తుండే ఉంటాడు. మాకవరపాలెం నుంచి వచ్చి ఇక్కడ బెల్లం వ్యాపారం పెట్టాడు. మా ఆటలన్నీ ఆయన కొట్టు అరుగు మీదే. సంగతి విని "ఏటి మాస్టారూ! మిషను ఆడతాదేటి? ఓడిపోతే బల్ల తన్నేసి పోతాదా, నానాగ?" అన్నాడు. తన ఏనుగు ఎత్తు కూడా నీకు రాసి పంపమని పట్టుపట్టాడు. అది పంపితే నీ ఉద్యోగం పోతుందని చెప్పాను.

ఇక విషయం. రాజు ముందరి బంటు రెండు గళ్లు. వాడూ అంతే. నీ రాజు వైపు గుర్రం బయటికి. వాడు మంత్రి వైపు గుర్రంతో తన బంటుని కాస్తాడు. నీ శకటు పొడుగ్గా వెళ్లి, వాడి రాజు పక్క బంటుని గురిచూసి కూర్చుంటుంది. వాడు రెండో గుర్రం కూడా తీస్తాడు. నాలుగో ఎత్తు, ఇదే అసలుది. శకటుతో ఆ బంటుని కొట్టి చెక్ చెప్పు. రాజు శకటుని తింటాడు. తిననీ. వెంటనే గుర్రం ముందుకి దూకించి ఇంకో చెక్. అంతే, వాడి పని అయిపోయినట్టే. మొదట్లోనే చెక్ పడ్డ రాజు చేతులు కట్టేసినవాడితో సమానం. ఆ తర్వాత మంత్రిని తీసుకెళ్లి నింపాదిగా చంపు.

మావి పాతకాలపు ఆటలనుకునేవు సుమా. బంటు రెండు గళ్లు జరుపుతాం, కోట కడతాం, పేపర్లో పడే పద్ధతులన్నీ పదేళ్ల నుంచీ మాకు అలవాటే.

పుస్తకమన్నావు. అచ్చు వేస్తారా? వేస్తే ఒకటి మన స్కూలు లైబ్రరీకి.

మీ చీఫ్ గారికి నా నమస్కారాలు చెప్పడం మర్చిపోకు.

నీ మావయ్య
సోమసుందరం


హైదరాబాదు,
21 జూలై 1985

మావయ్య గారికి,

అచ్చు వెయ్యరు మావయ్యా. అది మెషిన్ లోపలే ఉంటుంది. కానీ మీ ఆట మెషిన్‌లోకి ఎక్కిందంటే దాన్ని చెరిపేవాళ్లు లేరు, ఇక్కడ ఆ తాళం నా చేతిలోనే ఉంది.

మీ దారికి ఎంత అంకె వేశానో తెలుసా? తొమ్మిది. మిగతా వాటన్నిటికీ రెండూ మూడూ వేశాను. అంటే తెల్లపావులతో ఎప్పుడాడినా మెషిన్ ముందు మీ దారే వెతుక్కుంటుంది. దారి ఎనిమిదో ఎత్తు దాకా పొడిగించాను. అక్కడి దాకా దానికి ఆలోచనే అక్కర్లేదు, మీరు పక్కన కూర్చుని చెబుతున్నట్టే.

చీఫ్ ఒక నియమం పెట్టారు. ఏ దారి ఎక్కించినా దాని చివర్న ఆపి, అక్కడి నుంచి మెషిన్ని సొంతంగా ఆడించి, ఎవరిది పైచేయిగా ఉందో చూసి అప్పుడు అంకె వెయ్యాలట. ఒక్కొక్క దారికీ పూట పడుతుంది. ఇంగ్లీషు పుస్తకాలవన్నీ అలాగే పరీక్ష చేశాను. మీది మాత్రం చెయ్యలేదు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఆ ఎత్తుకి ఓడిపోయి ఏడ్చినదాన్ని, నాకు వేరే పరీక్ష ఏమిటి? మిమ్మల్ని అనుమానించినట్టు ఉంటుందని కూడా అనిపించింది.

అత్తయ్య గారి అప్పడాలు ఎవరైనా ఇటు వస్తుంటే పంపండి. సాంబారు ఇంకా అలాగే ఉంది.

మీ శిష్యురాలు
వర్ధని


నర్సీపట్నం,
27 అక్టోబరు 1985

చిరంజీవి వర్ధనికి,

నీ తొమ్మిది అంకె సంగతి ఊరంతా తెలిసిపోయింది. నేను చెప్పలేదు, కొండన్న చెప్పాడు. సరే, కొండన్నకి నేనే చెప్పాను.

హెడ్మాస్టరు గారు సోమవారం ప్రార్థన అయ్యాక నన్ను మాట్లాడమన్నారు. ఆరు వందల మంది పిల్లల ముందు నిలబడి, మన నర్సీపట్నం ఎత్తు హైదరాబాదులో కంప్యూటరు ఆడుతోందని చెప్పాను. చప్పట్లు కొట్టారు. నాకు చప్పట్లు కొత్త వర్ధనీ. సోషల్ క్లాసులో ఎవరు కొడతారు? ఇంటికొచ్చాక కూడా చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. ఆ పూట అన్నం సహించలేదంటే నమ్ము.

ఇంకో సంగతి. డిసెంబరు రెండో వారంలో విశాఖపట్నంలో చదరంగం పోటీలున్నాయి. ఏటా పేపర్లో చూసేవాణ్ణి, ఏటా పక్కన పెట్టేవాణ్ణి. అరుగు మీద రాజులా ఉన్నవాడు ఊరు దాటితే ఏమవుతాడోనని లోపల ఒక బెరుకు. ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఈసారి పేరు ఇచ్చేశాను. కంప్యూటరుకి పనికొచ్చిన ఆట విశాఖపట్నానికి పనికిరాదా?

దానికి ముందు నవంబరులో మీ ప్రదర్శన చూడ్డానికి వద్దామనుకుంటున్నాను. కార్తీక సోమవారాలు మీ అత్తయ్యకి బలిఘట్టం గుడిలోనే సరిపోతాయి, నేను ఊళ్లో లేకపోయినా ఆవిడకి తెలియదు. తేదీ రాయి. మూల కూర్చుని చూస్తాను, నోరు విప్పను. నాలుగో ఎత్తు మెషిన్ వేస్తున్నప్పుడు వాళ్ల మొహాలు చూడాలి, అంతే నా కోరిక.

వానలు కొట్టి చెరకు పడుకుండిపోయింది. రావికమతం వైపు మరీ ఎక్కువట. కొండన్న దిగులుగా ఉన్నాడు. అయినా ఆటకి రావడం మానలేదు.

తేదీ కోసం చూస్తూ,
మావయ్య


హైదరాబాదు,
22 నవంబరు 1985

మావయ్య గారికి,

ప్రదర్శన అయిపోయింది. అనుకున్నదానికంటే ముందుగా పెట్టేశారు, అందుకే మీకు రాయడానికి వీల్లేకపోయింది. బాగానే జరిగింది.

మీరు ఇప్పుడు రాకండి. మా హాస్టల్లో మగవాళ్లని గుమ్మం దాటనివ్వరు. ఆఫీసులో కూడా బయటివాళ్లని తీసుకెళ్లాలంటే చాలా తతంగం ఉంటుంది. పైగా చలి.

విశాఖపట్నం వెళ్లడం అంత అవసరమా? మీకు దగ్గు ఇంకా తగ్గలేదని అత్తయ్య మా అమ్మకి రాశారట. వెళ్లినా ఆ దారి మాత్రం అక్కడ ఆడకండి. ఆఫీసు వాళ్లు దాన్ని బయటపెట్టొద్దన్నారు. రహస్యంగా ఉంచాలట. మిగతా ఏ ఆటైనా ఆడండి, అది వద్దు. నా మాట వినండి.

పని చాలా ఉంది, ఇంతకంటే రాయలేకపోతున్నాను.

వర్ధని


నర్సీపట్నం,
1 డిసెంబరు 1985

వర్ధనికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇంత చిన్న ఉత్తరం నువ్వు ఎనిమిదో క్లాసులో కూడా రాయలేదు.

"బాగానే జరిగింది" అని రెండు ముక్కలు. ఎవరొచ్చారు, ఎవరు ఆడారు, నాలుగో ఎత్తుకి ఏమన్నారు, ఏమీ లేదు. చలి అంట. పాడేరు కొండల కింద పుట్టి పెరిగినవాడికి హైదరాబాదు చలి చెబుతున్నావు.

ఇదంతా ఎందుకో నాకు తెలియకపోలేదు. ఇస్త్రీలేని పంచె, చేతిసంచీ, "ఏటి" "అలాగేటి" అని మాట్లాడే మేనమామ వచ్చి మీ కంప్యూటరు చల్లగదిలో కూర్చుంటే నలుగురూ ఎవరీయన అని అడుగుతారు. నా ఆట కావాలి గానీ నేను అక్కర్లేదు. తప్పని కూడా అనను. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా నాన్న గొడుగు పట్టుకుని స్కూలుకొస్తే గోడ వెనక దాక్కున్నవాణ్ణే. ఇప్పుడు నా వంతు వచ్చింది. అయినా కష్టంగానే ఉందే అమ్మాయ్.

రహస్యమన్నావు కనుక విశాఖపట్నంలో ఆ దారి మొదటే బయటపెట్టను. అంత విలువైనదని నాకూ ఇన్నాళ్లూ తెలియదు. మరీ అవసరమైతే, గెలుపు దాని మీదే ఆధారపడితే, అప్పుడు మాత్రం మీ ఆఫీసు వాళ్లు నన్ను క్షమించాలి.

ఎనిమిదో తేదీ ఆదివారం పొద్దున్న బస్సుకి బయల్దేరతాను. మీ అత్తయ్య మెడకి మఫ్లరు చుట్టి పంపిస్తానంటోంది.

సోమసుందరం


నర్సీపట్నం,
15 డిసెంబరు 1985

వర్ధనికి,

నువ్వు జవాబు రాయలేదు. అయినా జరిగింది నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

మొదటి ఆట గెలిచాను. రెండోది సమానం. మూడో ఆటలో ఒక కాలేజీ లెక్చరరు పడ్డాడు. గెలిస్తే పై వరసలోకి వెళ్తాను. నా చుట్టూ పదిమంది నిలబడ్డారు. ఇంతకంటే అవసరం ఏముంటుందనిపించి నాలుగో ఎత్తు వేసేశాను. ఆయన శకటుని తిన్నాడు. గుర్రంతో చెక్ చెప్పాను. ఆయన రాజుని ఒక గడి వెనక్కి జరిపి టీ తాగాడు. మన అరుగు మీద అయితే ఈ పాటికి ఎదుటివాడు తల పట్టుకుంటాడు. ఈయన టీలో పంచదార తక్కువైందన్నాడు.

కాసేపటికి నా రాజు చుట్టూ ఆయన బలగం మూగింది. నాకు భయం లేదు. నాకింకా ఒక్క చెక్ కూడా పడలేదు కనుక రాజుని గుర్రంలా దూకించి మూలకి తీసుకెళ్లాను. ఆయన నా వైపు చూసి "ఇదేమిటండీ?" అన్నాడు. "రాజండీ" అన్నాను. "చెక్ పడని రాజుకి ఒక్కసారి దూకే హక్కుంది కదా!" వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

న్యాయనిర్ణేతగా హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన్ని పిలిచారు. "అది వెనకటి మన ఆటలో ఉండేదండీ, ఇందులో లేదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేను ఊరుకోవచ్చు కదా? లేదు. గొంతు పెంచాను. కోట కట్టడం ఉంది, బంటు రెండు గళ్లుంది, ఇదెందుకు లేదన్నాను. మా నర్సీపట్నంలో ఇదే అంతర్జాతీయం అన్నాను. ఇంకా చాలక, శకటుతో చెక్ చెప్పే ఈ ఆటని హైదరాబాదులో కంప్యూటరుకి నేర్పింది నేనేనని అందరికీ వినపడేలా చెప్పాను.

ఆయన నా మొహం వంక చూశాడు. "ఆ కంప్యూటరుతో పోయిన నెల ఆడింది నేనేనండీ" అన్నాడు. "నాలుగో ఎత్తులో శకటుని పారేసుకుంది. గది గదంతా నవ్వింది. ఆ అమ్మాయి పాపం, ఎక్కడో పాత పుస్తకంలో చూశానని చెప్పింది."

పాత పుస్తకం. నేనేనా అది?

మఫ్లరు కుర్చీ మీద వదిలేసి వచ్చేశాను. బస్సులో నాలుగు గంటలు ఎవరి మొహమూ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయానంటే అది మాటవరసకి అనేది కాదని అప్పుడు తెలిసింది. నవ్విన కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు నన్నెరగరు. నువ్వెరుగుదువు. నా ఎత్తు తప్పని నీకు నెల నుంచీ తెలుసు. తెలిసి నన్ను బస్సెక్కనిచ్చావు.

మీ అత్తయ్య, గెలిచారా అని అడిగింది. దగ్గు వచ్చిందని చెప్పాను.

సో.


హైదరాబాదు,
21 డిసెంబరు 1985

మావయ్యా,

నమస్కారాలు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ రోజు మెషిన్ నాలుగో ఎత్తు వేసింది. ఆ పెద్దాయన కళ్లజోడు సవరించుకుని శకటుని తీసి పక్కన పెట్టారు. మెషిన్ మీ దారిలోనే ఎనిమిదో ఎత్తు దాకా ధీమాగా వెళ్లిపోయింది. దారి అయిపోయింది. మొదటిసారి తన సొంత బుర్రతో లెక్కేసుకుని, తను ఓడిపోతున్నానని తెర మీద తనే అంకె చూపించింది. అందరూ నవ్వారు. చీఫ్ నవ్వలేదు. "ఈ దారి పరీక్ష చేశావా?" అన్నారు. లేదన్నాను. "ఎవరిచ్చారు?" అన్నారు. పాత పుస్తకంలో చూశానన్నాను.

మా మావయ్య ఇచ్చారని నోట్లోంచి రాలేదు. మిమ్మల్ని వాళ్ల నవ్వులోకి లాగకూడదని అలా అన్నానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం మావయ్యా. ఊళ్లో సోషల్ మాస్టారి మాట పట్టుకుని వచ్చిందంటారని భయపడ్డాను. కనుక మీరు పంచె గురించి రాసింది పూర్తిగా తప్పు కాదు. ఆ ఉత్తరం చదివినప్పుడు నన్ను కొట్టినట్టే అయింది.

వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక మీ రాజు దూకుడు గుర్తొచ్చింది. మీరు దూకినప్పుడల్లా నేను గోల చేసేదాన్ని, అది ఎలా మర్చిపోయానో! మీ ఆటలో ఆ ఎత్తు తప్పు కాదు. అక్కడ ఒక్క చెక్ పడితే రాజు దూకే హక్కు పోతుంది కనుక, శకటుని ఇచ్చి అవతలి రాజు హక్కుని కొంటున్నారు. ఇక్కడ కొనడానికి ఆ హక్కే లేదు. వట్టినే శకటు పోతుంది. ఈ మాటే రాస్తే సరిపోయేది. రాయకుండా రహస్యమని కథ అల్లాను.

మీరు ఒకటో తేదీన రాసిన ఉత్తరం ఐదో తేదీన అందింది. టెలిగ్రాం ఇద్దామని పోస్టాఫీసుకి వెళ్లాను. "ఆ ఎత్తు తప్పు, ఆడకండి" అని రాయాలి. అది మీ ఊరి పోస్టాఫీసులో నలుగురూ చదువుతారు, తెచ్చి స్టాఫ్ రూములో అందరి ముందూ మీ చేతికిస్తారు అని తోచింది. మీకు తలవంపులు ఎందుకని ఇవ్వకుండా వచ్చేశాను. స్టాఫ్ రూములో నలుగురి ముందు తప్పిద్దామని, విశాఖపట్నంలో హాలంతా నవ్వేలా చేశాను.

నిన్న చీఫ్ దగ్గరికి వెళ్లి అది మా మేనమామ ఆట అని చెప్పాను. "ఆ రోజే చెబితే ఆయన ఏ నియమాలతో ఆడతారో అప్పుడే అడిగేవాళ్లం కదా" అన్నారు. అంతే అన్నారు. జీతాల సెక్షనుకి పంపలేదు. కానీ ఇక మీదట నేను ఎక్కించే ప్రతి దారీ నా తర్వాత ఉద్యోగంలో చేరినవాడొకడు సరిచూస్తాడు. అంకె కూడా అతనే వేస్తాడు. నాకు తగిందే.

క్షమించమని అడగను. మీరు ఇంకెప్పుడూ నన్ను నమ్మరేమోనని ఒక్కటే భయంగా ఉంది.

వర్ధని


నర్సీపట్నం,
9 ఫిబ్రవరి 1986

అమ్మాయి వర్ధనికి,

ఇన్నాళ్లూ రాయలేదు. రాయబుద్ధి కాలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు సగం చదివి పెట్టెలో పడేశాను. మిగతా సగం మీ అత్తయ్య చదివి వినిపించింది. మధ్యలో ఆపి "పిల్ల నిజం రాసింది, మీరు నాకింకా దగ్గనే చెబుతున్నారు" అంది. అప్పుడు ఆవిడకి చెప్పాను.

అరుగు మీదికి వెళ్లడం మానేశాను. కొండన్నే వచ్చాడు. గానుగ రోజులు, బెల్లం బట్టీల దగ్గర ఊపిరాడని పని, అయినా వచ్చాడు. జరిగింది చెప్పాను. "రాజు దూకకూడదా? దూకనోడు రాజేటి మాస్టారూ, గుమస్తా!" అని విశాఖపట్నం మొత్తాన్ని తిట్టాడు. మన అరుగు మీద మన రాజు దూకి తీరాలని తీర్మానించాడు. ఆ పూట చాన్నాళ్లకి నవ్వాను.

స్కూలు మాత్రం మిగిలింది. నేను చెప్పిన మాట నమ్మి పిల్లలు చప్పట్లు కొట్టారు కదా. పోయిన సోమవారం ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు గారిని అడిగి నిలబడ్డాను. ఆ ఎత్తు తప్పు, కంప్యూటరు ఓడిపోయింది, నేనూ ఓడిపోయాను, పేపర్లో ఉన్న నియమాలన్నీ చదవకుండా నాకు తెలుసనుకున్నాను అని చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. లెక్కల మాస్టారు బయట కలిసి, మంచి పని చేశారన్నాడు. ఆయన చేత అనిపించుకోవడం ఇంకో సిగ్గు. అన్నీ పడ్డాను.

నీ మీద కోపం పోయిందా అంటే పూర్తిగా పోలేదు. నువ్వు నన్ను కాపాడదామనుకున్నావు చూడు, అక్కడ మండుతుంది నాకు. నువ్వు తొమ్మిదేళ్ల పిల్లప్పుడు ఓడిపోతే నేను ఎప్పుడైనా కావాలని నీ చేతిలో ఓడానా? ఏడిస్తే ఏడవనిచ్చాను. ఎందుకని? నీకు ఆట రావాలని. నా మీద నీకు ఆపాటి గౌరవం ఉండొద్దూ?

స్కూలు లైబ్రరీకి నియమాల పుస్తకం తెప్పించి మొదటి నుంచి చివరిదాకా చదివాను. యాభై దాటిన వయసులో ఎక్కాలు నేర్చుకున్నట్టుంది. రాజు దూకకుండా కొత్త దారి ఒకటి కట్టాను. ఎత్తులన్నీ వేరే కాగితం మీద రాసి ఇందులో పెడుతున్నాను. మెషిన్‌లోకి ఎక్కించమని కాదు. చూడు, అంతే. తప్పయితే తప్పని రాయి. కవరులో వద్దు, కార్డు మీద రాయి. పోస్టుమాన్ చదివితే చదవనీ.

నీ మావయ్య
సోమసుందరం


హైదరాబాదు,
13 ఫిబ్రవరి 1986

మావయ్య గారికి,

మీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం అందింది. అందిన వెంటనే మెషిన్ మీద పెట్టి చివరిదాకా ఆడించి చూశాను.

తప్పే మావయ్యా. ఆరో ఎత్తులో మీ గుర్రానికి కాపు లేదు. అవతలి బంటు ఒక్క గడి జరిగితే అది చచ్చిపోతుంది. అయిదో ఎత్తు దాకా బాగుంది. అక్కడి నుంచి మళ్లీ కట్టి పంపండి.

వర్ధని